పేరుకే మెత్తన!

1981 ఫిబ్రవరి 1. మెల్‌బోర్న్ మైదానం. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వన్డే ఆఖరి బంతికి వచ్చింది. దానికి సిక్సర్ కొడితే న్యూజిలాండ్ మ్యాచ్‌ను సమం చేస్తుంది. బౌలర్ ట్రెవర్ చాపెల్. కెప్టెన్ అతని సొంత అన్న గ్రెగ్ చాపెల్. అన్న తమ్ముడి దగ్గరికెళ్లి ఓ మాట చెప్పాడు. తమ్ముడు చేయి పైకెత్తలేదు. బంతిని చేయి కిందనుంచి గోలీకాయలా నేలమీద దొర్లించేశాడు. దొర్లే బంతిని సిక్సర్ కొట్టడం ఎవరి తరం! బ్యాట్స్‌మన్ మెకెక్నీ దాన్ని అడ్డుకుని, విసుగ్గా బ్యాటును అవతల పారేశాడు. రెండు దేశాల ప్రధానులూ తిట్టిపోశారు. ఆ తర్వాత వన్డేల్లో అలా వేయడాన్నే నిషేధించారు. నాటినుంచీ క్రికెట్ తెలిసినవాళ్లకి ‘అండర్‌ఆర్మ్’ అంటే ఓ తప్పుడు పని.

2025 నవంబరు 23. కొలంబోలోని సరా ఓవల్ మైదానం. దృష్టిలోపం ఉన్న మహిళల తొలి టీ20 ప్రపంచకప్ ఫైనల్. ఇక్కడ ప్రతి బౌలరూ చేయి కిందనుంచే వేయాలి. నిబంధనే అది. లోపల చిన్న చిన్న ఇనుప గుళ్లు గలగలలాడే గట్టి ప్లాస్టిక్ బంతి నేలను తాకుతూ వస్తుంటే, ఆ చప్పుడు విని కొట్టాలి. నేపాల్ మీద భారత్ 7 వికెట్ల తేడాతో గెలిచింది. ఆ గెలుపులో 42 పరుగులు చేసిన కరుణ కుమారిది అల్లూరి సీతారామరాజు జిల్లా పాడేరు మండలం. అరకులోయకు పొరుగూరే అనుకోవచ్చు. జట్టు కెప్టెన్ దీపికదీ మన రాష్ట్రపు సరిహద్దు పల్లె, మడకశిర వైపు. ఒకచోట సిగ్గుచేటు అనిపించుకున్న విసురే ఇంకోచోట ఆటకు ప్రాణం!

ఆ విసురును ఇంకా పైకి తీసుకెళ్లి, దానికదే ఒక విద్యగా మార్చిన ఆట మరొకటుంది. సాఫ్ట్‌బాల్. మన బడుల ఆటల జాబితాలో ఏళ్లుగా ఉన్నదే. రాష్ట్రస్థాయి ఎంపికలప్పుడు జిల్లా పేజీలో చిన్న వార్తగా కనబడేదే. కానీ వీధిలో ఆడేవాళ్లను చూశామా అంటే... చాలామందికి గుర్తు రాదు.

బాక్సింగ్ గ్లవ్, చీపురు కర్ర!

ఈ ఆట పుట్టింది కసరత్తు శాలలో కాదు. కాలక్షేపంలో. 1887 నవంబరులో అమెరికాలోని షికాగోలో ఒక బోట్ క్లబ్బులో కొందరు కుర్రాళ్లు చేరి, యేల్, హార్వర్డ్ విశ్వవిద్యాలయాల ఫుట్‌బాల్ ఫలితం కోసం ఎదురు చూస్తున్నారు. తంతి వచ్చింది. యేల్ నెగ్గింది. ఆ హుషారులో ఒకడు అక్కడ పడి ఉన్న బాక్సింగ్ గ్లవ్‌ను ఇంకొకడి మీదికి విసిరాడు. వాడు చేతికందిన కర్రతో దాన్ని కొట్టాడు. జార్జ్ హాంకాక్ అనే అతను ఆ గ్లవ్‌ను దాని తాళ్లతోనే గట్టిగా బంతిలా కట్టేశాడు, సుద్దముక్కతో నేలమీద గీతలు గీశాడు, చీపురు కర్ర బ్యాటయింది. అంతే, ఆట మొదలు! గది లోపల ఆట కాబట్టి బంతిని బలంగా పైనుంచి విసిరితే అద్దాలు పగులుతాయి. కిందనుంచే విసరాలి.

మరో ఎనిమిదేళ్లకి, 1895లో, మినియాపొలిస్‌లో లూయీ రోబర్ అనే అగ్నిమాపక ఉద్యోగి ఇలాంటి ఆటనే ఆరుబయటికి తెచ్చాడు. మంటలు లేనప్పుడు సిబ్బంది ఖాళీగా కూర్చుని బద్ధకించకుండా! ‘సాఫ్ట్‌బాల్’ అనే పేరు 1926లో గానీ రాలేదు. ఒలింపిక్స్‌లోకి అడుగుపెట్టింది 1996లో, అదీ మహిళల ఆటగా. అంటే పతకానికన్నా శతాబ్దం ముందునుంచీ ఇది ఊసుపోక ఆడుకున్న ఆటే.

ఇంతకీ బంతి మెత్తగా ఉంటుందా? ఉండదు. పేరుకే మెత్తన. బేస్‌బాల్ కన్నా పెద్దది, చుట్టుకొలత 12 అంగుళాలు, బరువు 180 గ్రాముల పైమాటే. మొహానికి తగిలితే పళ్లు రాలతాయి. అందుకే కొట్టేవాళ్లకి హెల్మెట్, వెనక పట్టేవాళ్లకి మాస్కు. ఈ రెండూ లేకుండా ‘మెత్తబంతే కదా’ అని పిల్లల్ని దింపే మాస్టారుంటే ఆ బంతితో ఆయనకే ఓసారి క్యాచ్ ఇవ్వాలి!

ఆట అర్థం కావాలంటే మన ఆటల్లోంచే వెళ్లొచ్చు. కర్రతో కొట్టడంలో బిళ్లంగోడు ఉంది. ఒక స్తంభం వదిలి ఇంకో స్తంభానికి, ఎవరూ పట్టుకోకముందే పరుగెత్తే నాలుగు స్తంభాలాట ఉంది. బంతితో గురి చూసి కొట్టడానికి ఏడుపెంకులాట ఉండనే ఉంది. నలుచదరంగా నాలుగు స్థానాలు, ఒక్కోదానికి మధ్య 60 అడుగులు. కొట్టినవాళ్లు మూడు స్థానాలు చుట్టి, బయల్దేరిన చోటికే తిరిగొస్తే ఒక పరుగు. జట్టుకు తొమ్మిదిమంది. ఏడు ఇన్నింగ్స్. గంటన్నర, రెండు గంటల్లో అయిపోతుంది. ఐదు రోజులు ఆడి డ్రా చేసుకునే బాధ లేదు.

చేయి గిరగిరా...

కానీ ఈ ఆటకు నడుమ నిలబడేది పిచర్. మహిళల ఆటలో పిచర్‌కి, కొట్టేవాళ్లకి మధ్య 43 అడుగులే. మంచి పిచర్ గంటకు 110 కిలోమీటర్ల వేగంతో విసురుతుంది. లెక్క కట్టి చూడండి, బంతి చేరడానికి అర సెకను కూడా పట్టదు. ఇదంతా చేయి పైకెత్తి కాదు, గాలిమరలా ఒక చుట్టు తిప్పి, తుంటి పక్కనుంచి వదిలి. చూసేవాళ్లకి ఆ చేయి ఎప్పుడు తిరిగిందో, బంతి ఎప్పుడు వదిలిందో తెలియదు. మొదటిసారి చూసినప్పుడు ‘ఇది కిందనుంచి విసరడమా!’ అని నోరెళ్లబెడతారు.

దీన్ని నేర్పడానికి ఒక ఓపికమంతుడు కావాలి. అమెరికాలో ఊరి పార్కుల్లో ఆడే లీగులుంటాయి. పోటీ కోసం కాదు, సరదాకి. వసంతం వస్తే సీజన్ మొదలు. అక్కడ పెరిగే తెలుగు పిల్లలూ వీటిలో ఉన్నారు. పదేళ్ల లోపు ఆడపిల్లలకి చిన్న బంతి, 11 అంగుళాలది. దూరం కూడా 35 అడుగులే. కోచ్‌లు ఎవరంటే జీతం లేని అమ్మలు, నాన్నలు. బంతులు మోసుకొచ్చిన ప్లాస్టిక్ బకెట్‌ను బోర్లించి, దానిమీద కూర్చుని, కూతురు విసిరే బంతుల్ని వందలకొద్దీ పట్టే నాన్నల్ని అక్కడ ‘బకెట్ డాడ్స్’ అంటారు. బకెట్ నాన్నలన్నమాట! క్రికెట్ తప్ప ఇంకో ఆట తెలియకుండా పెరిగిన మనవాళ్లు కూడా కూతురి పుణ్యమా అని ఆ బకెట్ ఎక్కారు. పిల్లతోపాటు తనూ నేర్చుకోవడం, వారం మధ్యలో ఆఫీసు జట్టులో తనూ ఆడటం, మోకాలు పట్టేస్తే నవ్వుకోవడం. ఆ పెద్దల ఆటకు ‘స్లో పిచ్’ అని పేరు. బంతిని మనిషి ఎత్తు దాటేలా పైకి లేపి, విల్లులా వంగి దిగేటట్టు మెల్లగా విసురుతారు. ఎవరైనా కొట్టొచ్చు. ఆడా మగా కలిసి ఆడొచ్చు. పొట్ట ఉన్నా పర్లేదు. ఫీల్డింగ్‌లో ఓ మూల నిలబెడతారు, బంతి అటు రాకూడదని దేవుడికి మొక్కుకుంటే చాలు!

నేర్పడంలో రహస్యం ఏమిటంటే, గిరగిరా తిప్పడం చివర. మొదట మణికట్టు. పిల్లను ఐదారు అడుగుల దూరంలో నిలబెట్టి, చేయి తొడ పక్కన ఉంచి, మణికట్టును ఒక్కసారి విదిలించి బంతిని వదలమంటారు. బంతిని అరచేతిలో కుక్కకూడదు, వేళ్ల కొసలతో, కుట్ల మీద పట్టాలి. ఇది విసుగు పుట్టించే పని. ‘ఎప్పుడు తిప్పాలి?’ అని పిల్లలు గోల చేస్తారు. తిప్పనివ్వకూడదు. ఆ తర్వాత చేయి తలమీదనుంచి వెనగ్గా కిందికి వచ్చే సగం చుట్టు. కుడిచేతి పిల్లయితే ఎడమ కాలు ముందుకు. నడుం మొదట పక్కకి తెరుచుకుని, బంతి వదిలేటప్పుడు మూసుకోవాలి. పూర్తి చుట్టు ఆఖరున. అదీ ఒక్కటే చుట్టు, రెండు తిప్పితే నిబంధన ఒప్పుకోదు.

తప్పు ఎక్కడ జరిగిందో బంతే చెబుతుంది. తలమీదుగా పోయిందా, ఆలస్యంగా వదిలింది. కాళ్ల ముందే నేలకు కొట్టిందా, తొందరపడింది. చేయిని బలంగా తిప్పాలనే తాపత్రయంలో మోచేయి మడుస్తారు, నడుం వంచేస్తారు. మంచి కోచ్ ఒకరోజు ఒక్క తప్పే దిద్దుతాడు. ఐదు తప్పులు ఒకేసారి చెప్పేవాడు తన పరిజ్ఞానం చూపించుకుంటున్నాడంతే, నేర్పడం లేదు.

అన్నిటికన్నా అందమైన పాఠం ‘ఛేంజప్’. చేయి అదే వేగంతో తిరుగుతుంది, బంతి మాత్రం నత్తలా వస్తుంది. కొట్టేవాళ్లు ముందే బ్యాటు ఊపేసి, ఆనక బంతి తాపీగా వెళ్లడం చూస్తూ నిలబడతారు. బలం లేని పిల్లకు కూడా పట్టుబడే విద్య ఇది. మరి ‘రైజ్ బాల్’ సంగతి? పైకి లేస్తుందని కొట్టేవాళ్లు ప్రమాణం చేసి చెబుతారు. భౌతికశాస్త్రం మాత్రం, అది లేవదు, మనం అనుకున్నంత దిగదు, అంతే అంటుంది. కంటికీ లెక్కకీ ఆ తగాదా ఇంకా తెగలేదు.

413 బంతులు

2008 బీజింగ్ ఒలింపిక్స్. జపాన్ పిచర్ యుకికో ఉయెనో ఆగస్టు 20న ఒక్కరోజే రెండు మ్యాచ్‌లు వేసింది. రెండూ అదనపు ఇన్నింగ్స్‌కు వెళ్లాయి. మొత్తం 318 బంతులు! మర్నాడు ఫైనల్లో మళ్లీ ఆమే. రెండు రోజుల్లో 413 బంతులు వేసి, అప్పటిదాకా ఒలింపిక్ స్వర్ణం ఇంకెవరికీ దక్కనివ్వని అమెరికాను 3-1తో ఓడించింది. ఆ వెంటనే ఒలింపిక్స్‌నుంచి సాఫ్ట్‌బాల్‌ను తీసేశారు. 2012లో లేదు, 2016లో లేదు. పదమూడేళ్లు గడిచాయి. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఆట తిరిగొచ్చింది. ఫైనల్లో మళ్లీ జపాన్, అమెరికా. మళ్లీ ఉయెనో, వయసు 39. జపాన్ 2-0తో గెలిచింది. ఒలింపిక్స్ లేని ఆ పదమూడేళ్లూ ఆమె స్వదేశపు లీగులో ఆడుతూనే ఉంది. 2024లో మళ్లీ తీసేశారు, 2028 లాస్ ఏంజెలెస్‌లో మళ్లీ ఉంటుందన్నారు. ఒలింపిక్స్ వాళ్లు ఈ ఆటతో నాలుగు స్తంభాలాట ఆడుతున్నట్టుంది.

జపాన్ పేరెత్తితే అరకు వైపు ఓ మాట చెప్పుకోవాలి. విశాఖనుంచి సొరంగాలు దూరుకుంటూ, బొర్రా గుహల మీదుగా అరకులోయకు మనల్ని తీసుకెళ్లే రైలు మార్గం యాత్రికుల కోసం వేసింది కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు పంపడానికి 1960లలో వేసింది. కొండల ఖనిజం అటు వెళ్లింది. ఆ దేశం ఇంతగా ఆదరించే ఆట మాత్రం ఇటు ఆ దారిన రాలేదు.

అయితే ఆ 413 బంతుల కథ పిల్లలకు చెప్పేటప్పుడు కోచ్ ఓ హెచ్చరిక కూడా చెప్పాలి. చేయి కిందనుంచి విసిరితే భుజానికి ఏమీ కాదని ఓ నమ్మకం పాతుకుపోయింది. అందుకే బాగా వేసే ఒక్క అమ్మాయి చేతే పొద్దున ఒక మ్యాచ్, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఇంకోటి వేయిస్తారు. అది తప్పని క్రీడావైద్యులు ఏనాడో చెప్పారు. గాలిమరలా తిరిగే భుజం మీదా, మోచేతి మీదా భారం బాగానే పడుతుంది. టోక్యోలో ఉయెనో కూడా అన్నీ తనే వేయలేదు. ఫైనల్లో మధ్యలో 20 ఏళ్ల మియు గోటో వచ్చి వేసింది, ఆఖరి ఇన్నింగ్స్‌కి ఉయెనో తిరిగొచ్చింది. జట్టులో ఇద్దరు ముగ్గురు పిచర్లను తయారుచేయని కోచ్ ఒక పిల్ల భుజాన్ని అప్పుగా తెచ్చి వాడుకుంటున్నాడు. ఆ అప్పు తీర్చేది ఆ పిల్లే.

బీరువాలో సర్టిఫికెట్, అటక మీద గ్లవ్

మన దగ్గర సాఫ్ట్‌బాల్ లేదా? ఉంది. దేశంలో సంఘం 1961లోనే ఏర్పడింది. స్కూల్ గేమ్స్‌లో అండర్ 14, 17, 19 అబ్బాయిలకీ అమ్మాయిలకీ పోటీలున్నాయి. నిజామాబాద్ జిల్లా పిల్లలు ఈ ఆటలో పేరు తెచ్చుకున్నారు. అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ పల్లె పిల్లలకు నేర్పుతూ వచ్చింది. ఆడేవాళ్లు లేరని కాదు. ఆడటం ఎందుకు ఆపేస్తున్నారన్నదే ప్రశ్న.

మన దగ్గర ఈ ఆటకు సీజన్ అంటే ఎంపికలు. జిల్లా ఎంపికలు, రాష్ట్ర పోటీలు, అదృష్టముంటే జాతీయ పోటీలు. చేతికి సర్టిఫికెట్ వస్తుంది. కాలేజీ సీటుకి, ఉద్యోగంలో క్రీడల కోటాకి పనికొస్తుంది. అందులో తప్పేమీ లేదు. కూలిపనికి వెళ్లే ఇంటి పిల్లకు ఆ కాగితం ఒక జీవితం. దాన్ని చులకన చేసే హక్కు ఎవరికీ లేదు. కానీ ఆ కాగితం బీరువాలోకి వెళ్లిన రోజే గ్లవ్ అటకెక్కుతుంది. పదో తరగతి దాటిన అమ్మాయి, డిగ్రీ దాటిన అబ్బాయి మళ్లీ బంతి ముట్టరు. నాలుగేళ్లు గాలిమరలా తిరిగిన చేయి ఆ విద్యను చెల్లెలికి కూడా నేర్పకుండానే ఆగిపోతుంది. అమెరికాలోనూ ఇదే జబ్బు ఇంకో రూపంలో ఉంది. అక్కడ సర్టిఫికెట్ బదులు కాలేజీ స్కాలర్‌షిప్. దాని కోసం పన్నెండేళ్ల పిల్లను ఏడాది పొడుగునా ఊళ్లు తిప్పుతూ ఆడించే తల్లిదండ్రులున్నారు, మనవాళ్లతో సహా. పార్కులో వారానికి రెండు రోజులు సరదాగా ఆడే జట్టులో ఉంటే నామోషీ అనుకునేదాకా వెళ్లింది.

అరకులోయ, పాడేరు, హుకుంపేట, అనంతగిరి వైపు చూస్తే ఈ సరదా ఆటకు కావాల్సినవి ఒక్కొక్కటే కనిపిస్తాయి.

మొదటిది నేల. కొండల్లో చదునైన జాగా దొరకడమే కష్టం. క్రికెట్‌కు నడిమధ్యన పిచ్ పెట్టి, చుట్టూ 65 మీటర్లు కావాలంటే మూడెకరాలు దాటుతుంది. సాఫ్ట్‌బాల్ అలా కాదు. ఓ మూలనుంచి మొదలై విసనకర్రలా తెరుచుకుంటుంది. అడ్డంగా వేసే గీతలు, పక్కన కాస్త ఖాళీ కలుపుకున్నా ఎకరం, ఎకరంన్నరలో సర్దుకుంటుంది. వెనక కొండవాలు ఉంటే ఇంకా మంచిది, తప్పిన బంతి అక్కడే ఆగుతుంది. వాలు ముందువైపు ఉంటేనే చిక్కు. బంతి దొర్లుకుంటూ లోయలోకి పోతే ఎన్ని పరుగులో ముందే మాట్లాడుకోవాలి!

రెండోది పిల్లలు. ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో పిల్లలు అక్కడే ఉంటారు. సాయంత్రం ఆటలకో గంట ఉంటుంది. బస్సు దొరకదన్న బాధ లేదు, ట్యూషన్ గోల లేదు. కొండ పిల్లలకు పరుగు, గురి పుట్టుకతోనే వస్తాయని కిందివాళ్లు మెచ్చుకోలుగా అంటుంటారు. ఆ మెచ్చుకోలులో కొంచెం తప్పించుకునే తెలివి కూడా ఉంది. పుట్టుకతో వస్తే ఇక నేర్పాల్సిన పని లేదు కదా! చేలో పిట్టల్ని తోలడానికి ఉండేలు పట్టిన పిల్లకు గురి కుదరడం సాధన వల్లే. పిచింగూ అంతే. మణికట్టు పాఠం దగ్గర విసుక్కోకుండా నిలబడే ఒక మనిషి లేకపోతే ఏ కొండ గాలీ నేర్పదు.

మూడోది కాలం. ఇక్కడే తిరకాసు. బడుల పోటీల సందడి మామూలుగా వానాకాలంలోనే మొదలవుతుంది. అప్పుడు మన్యంలో ముసురు. మైదానం మడిచెక్కలా ఉంటుంది. తడిసిన తోలు బంతి రాయిలా బరువెక్కుతుంది. కొండల అసలు ఆటల కాలం తర్వాత వస్తుంది. వరి కోతలు అయి, కాఫీ పళ్లు కోయడం ముగింపుకొచ్చి, సంక్రాంతి దాటాక. పొద్దున మంచు విడిచేసరికి బాగా పొద్దెక్కుతుంది గానీ మధ్యాహ్నం ఎండ హాయిగా ఉంటుంది. అప్పటినుంచి చైత్రంలో ఇటికల పండుగ వచ్చేదాకా రెండు మూడు నెలలు. ఆ పండుగకు మగవాళ్లు వేటకు వెళ్తే, ఆడవాళ్లు దారికి అడ్డంగా కర్ర పెట్టి, వచ్చేపోయేవాళ్లను ఆపి, ఆడిపాడి డబ్బులడుగుతారు. థింసాలో చిన్నపిల్ల పక్కన ముసలమ్మ అడుగు కలుపుతుంది. పెద్దయ్యాక ఆడకూడదన్న నియమం అక్కడ లేదు. సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లూ లేరు.

పెద్దవాళ్లు ఆటను వదలని ఇలాంటి చోట స్లో పిచ్ అయితే ఎలా ఉంటుందో ఊహించండి. ఆదివారం మధ్యాహ్నం. ఒకప్పుడు గురుకులం జట్టులో ఆడి, ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లయిన ఒకామె. ఆటో నడిపే తమ్ముడు. అంగన్‌వాడీ టీచరు. సెలవు దొరికిన పీఈటీ మాస్టారు. జట్టుకు పదిమంది కుదరకపోతే ఎనిమిదిమందే. అసలు బ్యాటు ఒకటి, రెండోది లేకపోతే చెక్కించుకున్న కర్ర. మొదలైంది చీపురు కర్రతోనే కదా! ఆట అయ్యాక ఆ తల్లి అరగంట అక్కడే ఉండి, బకెట్ లేకపోతే రాతి మీద కూర్చుని, ఆశ్రమ పాఠశాల పిల్లలు విసిరే బంతులు పడుతుంది. ‘అక్కా, ఇప్పుడు తిప్పనా?’ అని వాళ్లడుగుతారు. ‘ఇంకో ఇరవై మణికట్టుతో వెయ్యండే, తర్వాత చూద్దాం’ అంటుంది. ఖర్చెంత? గ్లవ్‌లు కొనాలి, నిజమే. హెల్మెట్లు, మాస్కు బేరం లేకుండా కొనాలి. మిగిలినదంతా మనుషులు రావడం మీదే ఉంది.

వానాకాలం పోటీకి వెళ్లే జట్టుకు ఈ ఆదివారాలే పనికొస్తాయి. ఎంపికలకు పది రోజుల ముందు హడావుడిగా చేయి తిప్పించే బదులు, సంక్రాంతి దాటాక మొదలుపెట్టి మెల్లగా నేర్పితే భుజాలూ నిలుస్తాయి, పిచర్లూ ఒకరికి ముగ్గురవుతారు. వాళ్లలో ఎవరూ రాష్ట్ర జట్టుకు వెళ్లకపోయినా ఆ మధ్యాహ్నాలు ఎక్కడికీ పోవు.

కొలంబోలో కరుణ ఆడిన ఆటలో ఒక పద్ధతుంది. బంతి వేసే ముందు బౌలర్ ‘రెడీ?’ అని అడగాలి. బ్యాటర్ ‘యెస్’ అనాలి. అప్పుడు ‘ప్లే’ అంటూ చేయి కిందనుంచి బంతి వదలాలి. చూపున్నవాళ్ల ఆటల్లో ఇంత మర్యాద కనబడదు. పిచింగ్ నేర్చుకునే పిల్లలకు ఆ అలవాటు చేయించినా బాగుంటుంది. ఎదుటివాళ్లు సిద్ధంగా లేనప్పుడు విసిరిన బంతులవల్లే సాధనలో దెబ్బలు తగులుతుంటాయి.

ఒక్క ఇబ్బంది మాత్రం ముందే చెప్పుకోవాలి. పూర్వం సాఫ్ట్‌బాల్ బంతి తెల్లగా ఉండేది. కొట్టేవాళ్లకి బాగా కనబడాలని తర్వాత నిమ్మపండు లాంటి పసుపు రంగులోకి మార్చారు. ఎర్ర దారంతో కుట్లు. ఎక్కడైనా ఇట్టే కనబడుతుంది. కానీ సంక్రాంతిదాకా ఆగలేక నవంబరులోనే అరకులో ఆట మొదలుపెట్టారనుకోండి... అప్పుడు లోయంతా వలిసె పూలు. కొండ మొదలునుంచి రోడ్డుదాకా పచ్చటి పసుపు. ఎవరైనా గట్టిగా బాది బంతిని ఆ చేలోకి పంపితే, రెండు జట్లూ కలిసి నడుం వంచి వెతకాల్సిందే. చేను గల ఆసామి చూడకముందే! ఆ నెలకు మాత్రం పాత తెల్లబంతే మేలు.